ఐస్ పెట్టిన చేయి

ఎల్లేష్‌కు లోకంలో రెండే సంగతులు గట్టిగా తెలుసు. ఒకటి, మాదన్నపేటలో ఏ గల్లీలో దూరితే ఎక్కడ తేలతామో. రెండు, పాలు చల్లగా ఉంటేనే పాలు, లేకపోతే పెరుగు. ఇరవై ఏళ్ళుగా ఇంటింటికీ పాలు పోసేవాడికి ఈ చదువు చాలదా?

మూడేళ్ళ కింద పత్తర్‌గట్టి చీరల దుకాణం ప్రకాశం సేటు అతన్ని పిలిచాడు. సేటు ఒక రక్తదాన సంఘం నడుపుతాడు.

"ఎల్లేషూ, నీకు బండున్నది, గల్లీలు ఎర్క. అర్జంటున్నోళ్ళకు బ్లడ్ బ్యాంకుల కెళ్ళి రక్తం తీస్కపోయి దవాఖానల ఇస్తవా? పైసల్ గిట్ల ఏం రావు. పుణ్యమొస్తది."

"పాలు పోస్తె గూడ పైసల్ సక్కగ రావు సేటూ, పుణ్యమన్న రానీ" అని ఒప్పుకున్నాడు.

మొదటి వారం సేటే పక్కనుండి పని నేర్పాడు. ఒకరోజు డెంగీ రోగికి ప్లేట్‌లెట్లు కావాలన్నారు. రక్తంలోంచి వేరుచేసిన పసుప్పచ్చటి ద్రవం అది, ప్లాస్టిక్ సంచిలో ఇస్తారు. బ్యాంకులో అమ్మాయి ఏదో చెప్పబోయింది. సేటు ఒక చేత్తో చెవి దగ్గర ఫోను పట్టుకుని, రెండో చేత్తో బండి మీద తీసుకెళ్ళే డబ్బాలో ఆ సంచికి అటొకటి ఇటొకటి ఐస్ ప్యాకులు పెట్టేశాడు.

"సేటూ, ఇది ఎర్రగ లేదు. దీనికి గూడ ఐసా?"

"పాలు పోసేటోనివి, నీకు నేను చెప్పాల్నా? చల్లగుంటేనే ఏదైనా ఆగుతది."

పాలవాడికి ఆ మాట వేదంలా వినిపించింది. బండి తీశాడు.

ఆసుపత్రిలో నర్సు సంచి తాకగానే ముఖం మాడ్చుకుంది. "ఎవరు పెట్టిండ్రు ఐసు? ప్లేట్‌లెట్లు చల్లవడితే పనికిరావు. పారేసుడే!" ఇంకో సంచి వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ రోగి తల్లి ఎదుట గోడకానుకుని నిలబడ్డాడు ఎల్లేష్. ఆమె తిట్టినా బాగుండేది. దేవుడి దయవల్ల రోగి బతికాడు.

ఆ సాయంత్రం ప్రకాశం సేటు ఎల్లేష్ బర్రెల కొట్టానికి వచ్చాడు. మెరిసే బూటు పేడలో దిగబడ్డా చూసుకోలేదు. అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అందరు నా మొహం జూసి రక్తమిస్తున్నరు. నా పేరొస్తె సంఘం మూతవడ్తది. నువ్వు కొత్తోనివి, తెల్వక పెట్టిన్నంటే ఎవ్వరేమనరు. మనిద్దరి నడుమనే ఉంటది. ఇంట్ల గూడ చెప్పకు."

ఎల్లేష్ చేతిలో చెయ్యేశాడు. ఆసుపత్రికిచ్చిన క్షమాపణ కాగితం మీద సంతకం కూడా పెట్టాడు.

ఆ తర్వాత మూడేళ్ళలో కొన్ని వందల సార్లు తిరిగాడు. ప్రతిసారీ బ్యాంకు అమ్మాయిని అడిగేవాడు, "బిడ్డా, ఇది చల్లగుండాల్నా, మామూలుగనా?" చెప్పించుకుని, మళ్ళీ తన నోటితో అప్పజెప్పి బయల్దేరేవాడు. ఆ అమ్మాయి నవ్వినా మానలేదు.

ఈ ఏడు సంఘం జల్‌పల్లిలో కొత్త శాఖ పెట్టాలనుకుంది. "జల్‌పల్లి నీదే అనుకో" అని సేటు రెండుసార్లు అన్నాడు. ఎల్లేష్ ఆ మాట ఇంట్లో ఒక్కసారే చెప్పాడు. భార్య నాగమణమ్మ బస్తీ అంతా చెప్పింది. ఇన్‌చార్జి పేరు చెప్పే సన్మాన సభకు మొగుడికి తెల్లచొక్కా ఇస్త్రీ చేసి తొడిగి, తమ దగ్గర పాలు పోయించుకునే రుక్మాబాయిని కూడా వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

సేటు ఎల్లేష్‌కు శాలువా కప్పాడు. తన దుకాణం శాలువానే. ధర చీటీ తీయడం మరిచారేమో, వీపు మీద ఊగుతోంది. తర్వాత మైకు పట్టుకుని, "జల్‌పల్లి ఇన్‌చార్జి, మా మేనల్లుడు శ్రవణ్‌కుమార్" అన్నాడు.

చప్పట్లు సగంలో ఆగాయి. వెనకనుంచి ఎవరో అరిచారు. "ఎల్లేషన్న ఏడికి వోయిండు?"

సేటు నవ్వాడు. "ఎల్లేష్ బంగారం. బండి తోలుట్ల నంబర్ వన్. గని ఇన్‌చార్జంటే జర దిమాక్ గూడ గావాలె. ఓ ముచ్చట చెప్తా. మొదట్ల ప్లేట్‌లెట్లకు ఐస్ పెట్టి ఖరాబ్ జేసిండు! పాలోడు గదా, పాలప్యాకెట్ అనుకున్నడు!"

హాలంతా గొల్లుమంది. రుక్మాబాయి నాగమణమ్మను పొడిచింది. "ఏందే, మా పాలల్ల గూడ ఐస్‌గడ్డలే వేస్తుండా?"

నవ్వులోంచి తప్పించుకోవడానికి ఎల్లేష్ కూడా నవ్వాడు. నవ్వినందుకే తర్వాత చాలా రోజులు తనను తాను తిట్టుకున్నాడు.

అంతలో ఫోనొచ్చింది. డెంగీ రోగికి ప్లేట్‌లెట్లు అర్జంటు. కొత్త ఇన్‌చార్జి ఫొటోలు దిగుతున్నాడు. ఎల్లేష్ అలవాటుగా డబ్బా అందుకున్నాడు. ప్రకాశం సేటు గబగబా వచ్చి, కూల్‌డ్రింకుల తొట్టిలోంచి రెండు ఐస్ ప్యాకులు తీసి అందులో వేశాడు.

ఎల్లేష్ ఆ చేతిని చూశాడు. అదే చేయి.

"సేటూ, ప్లేట్‌లెట్లు. ఐస్ వద్దు" అని ప్యాకులు తీసి బల్ల మీద పెట్టాడు.

సేటు కళ్ళు ఒక్క క్షణం కిందికి వాలాయి. మరుక్షణం మైకు చేతికొచ్చింది. "చూసిండ్రా? ఒక్కసారి దెబ్బ తిన్నోడు జన్మల మరువడు!"

చప్పట్లు మోగాయి. ఎల్లేష్ బయటికి నడిచాడు.

బండి మీద వెనక నాగమణమ్మ, ఆమె ఒళ్ళో డబ్బా. బ్యాంకులో సంచి తీసుకుని బయల్దేరాక అడిగింది.

"నిజం చెప్పు. గా ఐస్ నువ్వే పెట్టినవా?"

సిగ్నల్ పడింది. పచ్చదీపం వచ్చేలోపు చెప్పాడు. "నేను పెట్టలే."

"మరి గంతమందిల నవ్వుకుంట ఎందుకు కూసున్నవ్?"

"సేటుకు మాటిచ్చిన."

"ఆయన నీకియ్యలేదా?"

వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు. ఎల్లేష్ బండి పోనిచ్చాడు.

ఆసుపత్రిలో సంచి అప్పజెప్పాక సేటుకు ఫోన్‌చేసి 'చేరింది' అనాలి, అది సంఘం పద్ధతి. ఎల్లేష్ నంబరు నొక్కాడు. ఫోను భార్యకిచ్చాడు.

"చేరింది సేటూ" అంది నాగమణమ్మ. "ఐస్ లేకుంట చేరింది. అప్పుడు పెట్టిన చేయి ఎవరిదో మా ఆయన చెప్పిండు. మాటిచ్చింది ఆయన, నేను గాదు. రేపు రుక్మాబాయి ఇంటికి పాలు పొయ్యనీకి నేనే పోత, గీ ముచ్చట గూడ చెప్త."

ఆమె ఫోను పెట్టేసి, మొగుడి వీపు మీద ఇంకా ఊగుతున్న చీటీని పళ్ళతో కొరికి తెంపింది.