ఏడు చుట్ల తెలివి

పోయినవి ముందే లెక్కపెట్టేస్తాను. ట్రాన్సిస్టర్లు నాలుగు. స్పీకర్లు రెండు. ఫ్యూజులు మూడు; ఒకటి కాలితే ఇంకొకటి, అదీ కాలితే మరొకటి వేసిన మేధావి ఎవరో మీరే ఊహించుకోండి. "లెక్కంటే ఈయనదే" అని సత్తుపల్లి బజారులో నాకున్న పేరు, ఒకటి. ఇంకో నష్టం కూడా ఉంది. అది చివర్లో చెబుతాను. ఇప్పుడే చెబితే మీరు నా మొహం చూడరు.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. నాది ఆంప్లిఫయర్లు తయారుచేసే చిన్న షాపు. ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కు వెళ్ళే దారిలో ఒక రాగితీగ కాయిల్ ఉంటుంది. మధ్యలో ఇనుము ఉండదు, ఉత్త గాలే. స్పీకర్ వైరు ఎంత పొడవున్నా ఆంప్లిఫయర్ బెదిరిపోకుండా కాపాడేది అదే. షాపులో కాయిల్స్ చుట్టే మా రమణమ్మ రిమోట్‌లో వేసే బ్యాటరీ మీద పద్నాలుగు చుట్లు చుట్టి, బ్యాటరీ లాగేసేది. పదేళ్ళుగా అంతే.

నాకేమో ఒక పాత పుస్తకంలో ఆ కాయిల్ సూత్రం దొరికింది. మూడు రోజులు కుస్తీ పట్టాను. జవాబు ఏడు.

"రమణమ్మా, పద్నాలుగు దండగ. ఏడు చాలు."

"గదేంది సారూ, సగానికి సగమా? కూరల ఉప్పు గిట్లనే తగ్గిస్తవా?"

"ఇది వంట కాదు, గణితం."

"అవ్ సారూ. నాకు వంటే వచ్చు," అని ఏడు చుట్టింది. షాపులో మూరెడు వైరు తగిలించి చూశాం. పాట తేనెలా వచ్చింది. నేను కాలరెగరేశాను.

ఆ వారమే ఐలయ్యన్న వచ్చాడు. బొగ్గు గనిలో పనిచేసి రిటైరవుతున్నాడు.

"తమ్మీ, ముప్పై నాలుగేండ్లు మిషన్ల మోతల సైగలతోనే బతికిన. ఒక్కనాడు మైకుల మాట్లాడాలె. మంచి సెట్టు కావాలె," అని తన మాటలు రాసుకున్న కాగితం తీసి నా ముందే పైకి చదివి చూసుకున్నాడు. నాకో జబ్బుంది, ఏది కనబడినా లెక్కపెడతాను. నూట నలభై మాటలు.

పెనుబల్లిలో మధ్యాహ్నం భోజనాల ఫంక్షన్. స్పీకర్లు వీధి చివర కట్టమన్నారు. వైరు పరుచుకుంటూ పోయేసరికి అరవై మీటర్లయింది. ఐలయ్యన్న మైకు పట్టుకున్నాడు. గనిని తలుచుకున్నాడు, మేస్త్రీని తలుచుకున్నాడు. నేను మాటలు లెక్కపెడుతూ ఆంప్లిఫయర్ మీద చెయ్యి పెట్టి, ఎగిరిపడ్డాను. దానిమీద అట్టు పోసుకోవచ్చు! చెవికి అందని కూతేదో లోపల పెడుతున్నట్టుంది.

"ఇగ మా రాజమ్మ..." అన్నాడు ఐలయ్యన్న. అది తొంభై ఏడో మాట.

ఫట్! బీడీ పొగలా సన్నగా పొగ. ఫ్యూజు వేశాను, ఫట్. మళ్ళీ వేశాను, ఫట్.

"ఏందన్నా, వంట ఇక్కడ గూడ పెట్టినవా?" అన్నాడెవరో.

ఐలయ్యన్న మైకు కింద పెట్టాడు. పాత అలవాటు కదా, మిగతాది చేతులతో సైగలు చేసి ముగించాడు. గని వాళ్ళందరికీ అర్థమై ఒకటే చప్పట్లు. ఆయన భార్య రాజమ్మ మాత్రం అందరి మొహాలూ చూస్తూ నిలబడింది. తర్వాత నా దగ్గరికొచ్చింది.

"తమ్మీ, నా పేరు తీసినంక ఏమన్నడు?"

నాకు తెలుసు. నోరు తెరిచేలోపే ఐలయ్యన్న అడ్డొచ్చాడు. "నువ్వు చెప్పకు. మైకుల నేనే చెప్తా."

షాపుకొచ్చి పుస్తకం ముందేసుకు కూర్చున్నాను. చదువురాని రమణమ్మ దానిలోకి తొంగిచూసింది.

"సారూ, బొమ్మల గీత నడిమి నుంచి మొదలైంది. నువ్వేమో బ్యాటరీని ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచినవ్ గదా?"

వ్యాసార్థం పెట్టాల్సిన చోట వ్యాసం పెట్టాను! మూడు రోజుల గణితం, మూడు నిమిషాల బొమ్మ.

పద్నాలుగు చుట్లతో సెట్టు బాగుచేసి, ఐలయ్యన్న ఇంటికే మోసుకెళ్ళాను. ఆయన దాన్ని చూసి నవ్వాడు. "గిప్పుడా తమ్మీ? ఆ మంది ఏరి?" కాగితం జేబులోంచి తీయనేలేదు. రాజమ్మ లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

అందుకని రాగితీగ సాక్షిగా, రిమోట్ బ్యాటరీ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ పుస్తకం తెరిచినా ముందు బొమ్మ చూస్తాను, రమణమ్మకు చూపిస్తాను, ఆ తర్వాతే అంకెల జోలికి పోతాను.

ఈ రోజుకి రాజమ్మకు నేను పడ్డ బాకీ, నలభై మూడు మాటలు.