నొసటి ఆపరేషన్ నాడు

కనుబొమ్మల మీద ఎవరో బొటనవేలుతోని ఒత్తుతున్నట్టు నొప్పి ఉండేది. కోరుట్లల ఒక ప్రైవేటు బడిల లెక్కలు చెప్పుకుంట, కిరాయి అర్రల ఒక్కదాన్నే ఉంటున్న రోజులవి. పిల్లల పేపర్లు దిద్దుదామని తల వంచితే నొప్పి కండ్లలకు దిగేది. గోలీలు మింగుకుంట ఏండ్లు నెట్టుకొచ్చిన. ఒకనాడు పొద్దుగాల ఎడమ కంటి రెప్ప వాచి తెరవరాలేదు. అప్పుడు జగిత్యాలకు బస్సెక్కిన.

డాక్టర్ స్కానింగ్ చూసిండు. నొసటి ఎముకల గాలి ఉండే అర నిండ చీము పట్టిందని, అది ముక్కులకు దిగే దారి మూసుకపోయిందని చెప్పిండు. నొసలు కొయ్యనక్కర లేదట. ముక్కులకెల్లి సన్నటి కెమెరా గొట్టం పంపి ఆ దారి తెరుస్తరట. వెంబడి ఎవరొస్తరని అడిగితే మా తమ్ముడని చెప్పిన.

తమ్ముడు సిరిసిల్లల కరెంటుతోని నడిచే సాంచాల మీద బట్ట నేస్తడు. ఆపరేషన్ నాడు, నేను ఆస్పత్రి గౌను తొడుక్కున్నంక ఫోన్ చేసిండు. బట్ట ఇయ్యాల్నే పంపాలెనట, సాంచాలు ఆపరాదట, సాయంత్రం వస్తనన్నడు. సరే అన్న. మనిషి ఎవరన్న బయట ఉంటెనే మత్తు ఇస్తమన్నది నర్సు. తమ్ముడు సాయంత్రం గాని రాడని చెప్పిన.

పక్క బెంచీ మీద సారంగాపూర్ దిక్కు ఆమె ఒకతి ఉన్నది. తాటిచెట్టు మీదికెల్లి పడ్డ పెనిమిటిని లోపల పండవెట్టిన్రని అంతకుముందే నాతోని చెప్పింది. నర్సు మాట విని ఇటు జరిగింది.

"నేనుంట తియ్యి. ఈమె నా చెల్లె అనుకో" అన్నది నర్సుతోని.

నా చేసంచి తీస్కొని ఒళ్లె పెట్టుకున్నది.

తెలివొచ్చేటాళ్లకు ముక్కు నిండ కుక్కిన గుడ్డ, నోట్లె నెత్తురు రుచి. చేసంచి మంచం పక్కన ఉన్నది. ఆమె పెనిమిటిని కరీంనగర్ తీస్కపోయిన్రని, ఆమె గూడ అంబులెన్సుల పోయిందని నర్సు చెప్పింది. నేను పేరన్న అడగలేదు.

తమ్ముడు నెత్తిల నూలు పోగులతోనే వచ్చిండు. కొబ్బరినీళ్లు తాపి, కుర్చీలనే నిద్రపోయిండు. లేపబుద్ధి కాలేదు.

మళ్ల చూపెట్టుకోను పోయినప్పుడు ఆమె పెనిమిటి ఎట్లున్నడని నర్సును అడిగిన. తెల్వదన్నది. డాక్టర్ ముక్కుల కెమెరా పెట్టి టీవీల చూపెట్టిండు. దారి శుభ్రంగ తెరుసుకున్నది. సంబురమైంది. చూసినవా అందామని పక్కకు తిరిగిన. ఎవ్వరు లేరు.

"మంచిగున్నది సార్" అని డాక్టర్‌కే చెప్పి లేచిన.