బండల తొట్టిలో తాబేలు

మా మేడ మీద అద్దెకున్నవాళ్ళు బెంగళూరికి మారుతూ ఒక విరిగిన కుర్చీని, రెండు పూలకుండీలను, ఒక తాబేలును వదిలి వెళ్ళారు. కుర్చీ గురించి, కుండీల గురించి ముందే చెప్పారు. తాబేలు సంగతి మాత్రం ఆ ఇంటి అమ్మాయి బస్సెక్కాక ఫోన్ చేసి చెప్పింది.

"అక్కా, కొత్తింటోళ్ళు పెంచుకోనీరంట. మీరే పెట్టుకోండి. లేదంటే ఎవరికన్నా ఇచ్చేయండి."

పైకి వెళ్ళి చూశాను. స్నానాల గది మూలన ఎర్ర ప్లాస్టిక్ టబ్బులో వేలెడు లోతు పచ్చటి నీళ్ళు, అందులో నా అరచేయంత తాబేలు. కణతల దగ్గర చెరొక ఎర్రటి గీత. కళ్ళు రెండూ వాచి మూసుకుపోయాయి. చేతిలోకి తీసుకుంటే డిప్ప గట్టిగా లేదు, నానిన అట్టలా మెత్తగా తగిలింది. కాళ్ళు కదిలించలేదు. చచ్చిపోయిందేమో అనుకునేలోపు మెడ కొంచెం చాచింది.

నేను గోరంట్లలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన పెనుకొండ వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తారు. మాకు పిల్లలు లేరు. అత్త నా పెళ్ళికి ముందే పోయింది. కాబట్టి పగలంతా ఇంట్లో ఉండేది నేను, మా మామ. ఇద్దరమే ఉన్నా మాటలుండేవి కావు. మామ ఎదుట కోడలు కూర్చోకూడదు, ఎదురు మాట్లాడకూడదు అని మా పుట్టింట్లో చెప్పి పంపారు. ఆయనా మొదటినుంచీ మాట తక్కువ మనిషి. ఏదైనా చెప్పాలంటే మా ఆయనతో చెప్పించేదాన్ని. ఆయన డ్యూటీకి పోయినప్పుడు "అన్నం పెట్టినా" అని గోడతో అన్నట్టు అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. మామ వచ్చి తిని, కంచం కడిగి బోర్లించి, వీధి అరుగు మీదికి పోయేవారు. ఏళ్ళ తరబడి అలాగే గడిచింది. ఆయనకు నా మీద కోపమని నేను అనుకునేదాన్ని. ఆయన ఏమనుకునేవారో నాకు తెలియదు.

తాబేలును కిందికి తెచ్చిన రోజు మామ టబ్బులోకి ఒకసారి వంగి చూసి, నాతో కాదు, మా ఆయనతో అన్నారు.

"దీన్ని తీస్కపోయి చెరువులో ఇడిసిపెట్టు. ఈడుంటే సచ్చిపోతాది."

వదిలేముందు ఆ కళ్ళకు ఏదైనా మందు వేయించాలనిపించింది. తడిగుడ్డలో చుట్టి, బుట్టలో పెట్టుకుని హిందూపురం బస్సెక్కాను. అక్కడ పశువుల డాక్టరమ్మ దగ్గర గొర్రెలు, పాడి ఆవులు, వాటిని తోలుకొచ్చిన మనుషులు. నా వంతు వచ్చి బుట్ట మూత తీసేసరికి ఆమె నవ్వింది. నవ్వినా తేలిగ్గా తీసుకోలేదు. ఎవరో స్నేహితురాలికి ఫోన్ చేసి కనుక్కుని, కళ్ళలో వేసే చుక్కలు రాసింది, ఒక సూది వేసింది.

"మందు కన్నా ముందు దీనికి ఇల్లు కావాలమ్మా," అంది. "మునిగి ఈదేంత నీళ్ళు, ఎక్కి ఆరేదానికి పొడి చోటు, రోజూ ఎండ. ఎండ లేకే డిప్ప మెత్తబడింది. సిటీల్లో దానికోసం ప్రత్యేకంగా బల్బులు కొనుక్కుంటారు. మనకు ఎండకేం కరువు?"

"మా మామ చెరువులో వదిలేయమంటున్నారు మేడమ్."

"వద్దు. ఇది మన దేశపు తాబేలు కాదు. చెరువులో పడితే మన తాబేళ్ళ తిండి ఇది తినేస్తుంది. పెంచితే మీరే పెంచాలి."

తిరుగు బస్సులో బుట్టను ఒళ్ళో పెట్టుకుని ఒకటే ఆలోచన. నీళ్ళు. మా వీధికి కుళాయి నీళ్ళు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. పెరట్లో బోరు ఉంది కానీ అది మాకూ, మేం ఆపా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడకూ ఉమ్మడి. ఇలాంటి చోట తాబేలుకు ఈతకు నీళ్ళు పెడతానంటే ఎవరైనా నవ్వుతారు.

పెరట్లో మా అత్త కాలం నాటి కడప బండల తొట్టి ఒకటుంది. నాలుగు బండలు నిలబెట్టి, అడుగున ఒకటి పరిచి కట్టింది. ప్లాస్టిక్ డ్రమ్ములు వచ్చాక దాన్ని ఎవరూ నింపలేదు. పాత సైకిలు చక్రం, కొబ్బరి పీచు, పగిలిన పెంకులు అందులో చేరాయి. ఒక ఆదివారం మా ఆయనా నేనూ అదంతా ఎత్తిపోసి కడిగాం. ఆయన సిమెంటు కలిపి సందుల్లో మెత్తారు. మర్నాడు సాయంత్రం నీళ్ళు నింపాం. తెల్లారి చూస్తే తొట్టి ఖాళీ, పెరడంతా బురద. మా ఆయన "నావల్ల కాదు" అని డ్యూటీకి వెళ్ళిపోయారు.

నేను కుట్టుమిషన్ దగ్గర కూర్చున్నాను. కాసేపటికి పెరట్లోంచి టకటకమని చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే మామ తొట్టిలో గొంతుక్కూర్చుని, ఉలితో మా ఆయన పెట్టిన సిమెంటంతా తీసిపారేస్తున్నారు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. ఆయన తలెత్తకుండానే అన్నారు.

"పైపైన పూస్తే నిలుస్తాదా? సందు లోపలికి తెరవల్ల. రోంత సన్న ఇసుక జల్లించి ఇయ్యి మా."

అది నాతో అన్న మాటే. చుట్టూ ఇంకెవరూ లేరు. జల్లెడ తెచ్చి ఇసుక జల్లించాను. ఆయన సిమెంటు కలుపుతుంటే నీళ్ళు పోశాను. "సాలు", "ఇంగ రోంత", "ఆ కర్ర ఇట్లియ్యి". ఆ పూట నాతో అన్న మాటలు అవే. కానీ పెళ్ళయినప్పటినుంచీ అన్నవన్నీ కలిపినా అన్ని ఉండవు.

తడి గోనెపట్టాలు కప్పి ఆరనిచ్చాం. తర్వాత నీళ్ళు నింపడం, ఒకరోజు ఉంచి తీసేయడం. సిమెంటు ఘాటు పోయేదాకా అలా చేయాలట. తీసిన నీళ్ళు ఆయన ఒక్క చుక్క కూడా వృథా పోనివ్వలేదు. దుమ్ము లేవకుండా వాకిట్లో చల్లారు. గోనెపట్టాలు తడుపుతూ ఒక మధ్యాహ్నం, నేను అడగకుండానే చెప్పడం మొదలుపెట్టారు.

"మా బాయిలో ఒగ తాబేలుండె. మా నాయన ఏసినాడు, నేను పుట్టకముందే. పురుగూ పుట్రా తిని నీళ్ళు తేటగా పెడతాదని బాయికొక తాబేలును ఏస్తాండ్రి అప్పట్లో. నేను ఈత నేర్సింది దాంతోనే."

చిలమత్తూరు దగ్గర వాళ్ళకు పొలం, బావి ఉండేవని నాకు తెలుసు. బావి ఎండిందని, పొలం అమ్మేసి గోరంట్లకు వచ్చారని కూడా తెలుసు. అంతకుమించి ఎవరూ చెప్పలేదు.

"బాయి ఎండిన ఏడు కిందికి దిగి చూస్తి. అడుగున బురదలో కూరుకుపోయి ఉండాది. గంపలో పెట్టి, పైన గుడ్డ కప్పి బస్సెక్కితి. కండక్టరు, ఏమప్పా గంపలో అనె. గుమ్మడికాయ అంటి. అది అప్పుడే తల బయట పెట్టె." ఆయన కొద్దిగా నవ్వారు. "కండక్టరు చూసినాడు. ఏమనలే పాపం. టికెట్ కొట్టి పోయినాడు."

"యాడికి తీసుకపోయినారు మామా?" అన్నాను. ఆయన్ని నేరుగా అడిగిన మొదటి మాట అదే.

"కర్ణాటక పక్క ఒక చెరువులో నీళ్ళుండె. ఆడ ఇడిసినా. బుడుక్కున మునిగిపాయ. ఎనక్కి తిరిగి సూడల్యా." గోనెపట్టా మీద నీళ్ళు చల్లడం ఆపారు. "బాయి ఎండినప్పుడు ఏడ్సల్యా. పొలం అమ్మినప్పుడు ఏడ్సల్యా. ఆ పొద్దు మాత్రం గట్టు మీద కూసోని బాగా ఏడ్సినా. మీ అత్తకు గూడా చెప్పలే."

లోపలికెళ్ళి రెండు గ్లాసుల్లో టీ పోసుకుని వచ్చాను. ఒకటి ఆయనకిచ్చి, రెండోది పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. ఆయన ముందు కూర్చున్నానని టీ సగమయ్యాక గానీ గుర్తురాలేదు. లేవబోతే, "కూసో మా," అన్నారు.

తొట్టి ఈసారి కారలేదు. ఒక మూల ఇటుకలు పేర్చి, పగిలిన బండముక్కను వాటి మీద ఏటవాలుగా వాల్చాం, తాబేలు ఎక్కి ఎండ కాచుకోవడానికి. మొదట నున్నటి వైపు పైకి పెట్టాను. అది ఎక్కబోయి జర్రున జారి నీళ్ళలో పడింది. బండను తిరగేసి గరుకు వైపు పెడితే గోళ్ళు పట్టి ఎక్కింది. మా ఎండకు కడప బండ పెనంలా కాలుతుంది కాబట్టి సగం తొట్టి మీద నా పాత చీర పందిరిలా కట్టాం. కాకులు, పిల్లులు రాకుండా పైన ఇనుప జాలీ. కుళాయి నీళ్ళయితే ఒక రాత్రి డ్రమ్ములో ఉంచి బ్లీచింగ్ వాసన పోయాకే పోసేవాళ్ళం.

కళ్ళలో చుక్కలు వేసేది నేను. తాబేలును పట్టుకునేది మామ. చాలారోజులు అది ఏమీ తినలేదు. తోటకూర ఆకు నోటి దగ్గర పెడితే తల లోపలికి లాక్కునేది. ఒక ఉదయం మామ పెరట్లోంచి గట్టిగా కేక వేశారు. నేను కుడుతున్న జాకెట్ అలాగే వదిలేసి పరిగెత్తాను. తాబేలు బండ మీద కాళ్ళు నాలుగూ చాపుకుని ఎండలో ఉంది. ఒక కన్ను తెరుచుకుంది. ఆ కన్ను చుట్టూ పసుపుపచ్చ అంచు ఉందని అప్పుడే తెలిసింది.

"సూస్తాండాది మా! సూడు, మనల్నే సూస్తాండాది!"

డెబ్బై దాటిన మనిషి అలా సంబరపడటం నేను ఎన్నడూ చూడలేదు. ఆ సాయంత్రం అది తోటకూర సగం ఆకు తిన్నది.

ఎండాకాలం వచ్చింది. బోరులో నీళ్ళు దిగిపోయి మోటారు గాలి కక్కడం మొదలైంది. ఒకరోజు తొట్టి కడుగుతుంటే ఆపా గోడ మీదుగా చూసింది.

"ఏమ్మా, మనుషులు తాగేదానికే నీళ్ళు లేవు, మీరు తాబేలుకు జలకాలాడిస్తాండారా? ఉమ్మడి బోరు గదా ఇది!"

ఆమె అన్నది నిజమే. నాకు తలకొట్టేసినట్టయింది. బెంగళూరులో ఎవరికైనా ఇచ్చేద్దామని ఆ సాయంత్రం మామతో అన్నాను.

"ఆయమ్మ చెప్పేది న్యాయమే," అన్నారు ఆయన. "నీళ్ళు పారబోస్తే తప్పే. పారబోయకుంటే తప్పేముండాది?"

మర్నాడు తొట్టి అడుగున నీళ్ళు వదిలే రంధ్రానికి పైపు బిగించి, గోడకు తూటు పొడిచి, ఆపా పెరట్లోకి పెట్టారు. అక్కడ ఆమె వంగమొక్కలు వాడిపోయి ఉన్నాయి. తాబేలు తిని, ఈది, మురికి చేసిన నీళ్ళన్నీ ఇక వాటికే. ఆపా మూతి ముడుచుకుంది గానీ వద్దనలేదు. రెండు మూడు వారాలకు మొక్కలు తిప్పుకున్నాయి. పూత వచ్చింది. ఆ తర్వాత ఒక ఉదయం గోడ అవతలినుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఏమ్మా, ఈ వారం తొట్టి కడగల్యా? ఎప్పుడు కడుగుతారు?"

నేను, మామ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నోరు మూసుకుని నవ్వాం.

ఆ ఎండల్లోనే బోరు పూర్తిగా నిలిచిపోయింది. మా ఆయన ట్యాంకరుకు చెప్పారు, అది రాలేదు. తొట్టిలో నీళ్ళు బెత్తెడుకు దిగాయి. ఆపా ఇంటికి మాత్రం వాళ్ళ తమ్ముడు ట్యాంకరు తోలించాడు. నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. ఆమే గోడ మీదుగా నిండు బిందె అందించింది. దాని వెనక ఇంకొకటి.

"తాబేలుకు గాదులే," అంది నేను థ్యాంక్స్ చెప్పబోతే. "నా వంకాయలకు."

తన ఇంట్లో ఆరుగురు మనుషులున్నా ఆ బిందెలు అలా ఇచ్చింది.

తర్వాత వానలు పడ్డాయి. మా వైపు పడేన్ని పడ్డాయి. బోరు కొద్దిగా తేరుకుంది. తాబేలు ఇప్పుడు నా రెండు అరచేతులంత పెరిగింది, డిప్ప రాయిలా ఉంది. మామ అడుగుల చప్పుడు వింటే నీళ్ళలోంచి తల పైకి పెడుతుంది. నా చప్పుడుకు పెట్టదు.

ఈమధ్య మామ మేనకోడలి ఇంట్లో పెళ్ళికి మడకశిర వెళ్ళారు. మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. ఆయన దగ్గర నా నంబరు ఉందని కూడా నాకు తెలియదు. అవతల బాజాలు, జనం, సగం కన్నడ మాటలు.

"తినిందా?"

"తినింది మామా. ఆకు మొత్తం తినింది."

"ఎండకొచ్చిందా?"

"వచ్చింది."

ఫోన్ పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు.

"నువ్వు తింటివా?"

"ఇంకా లేదు మామా. ఒక జాకెట్టు పెండింగుండాది, అది అయినంక తింటా."

"పొద్దు యాడుండాది, ఇంగా తినకుండా? జాకెట్టు యాడికి పోతాది? పో, ముందు తిను."

పుట్టింటినుంచి వచ్చాక నన్ను అలా కసిరినవాళ్ళు లేరు. మిషన్ ఆపి, సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి కంచంలో పెట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చుని కడుపునిండా తిన్నాను.