గడువు దాటిన ఎక్స్‌రేలు

ఐర్లండ్‌లో మేముండే ట్రాలీ అనే ఊరి స్టేషన్లో పొద్దున ఏడింటి రైలు ఎక్కేసరికి వాన మొదలైంది. మా ఆయన జోసెఫ్ ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. పాపను చూసుకోవడానికి ఆ రోజు సెలవు పెట్టి, నన్ను స్టేషన్లో దింపాడు.

“ఆయన్ని నోరు తెరిచి అడుగు సుజాతా. అడిగితే పోయేదేముంది?” అన్నాడు.

ఆయనంటే, ఆ మధ్యాహ్నం డబ్లిన్‌లో అంతరిక్ష ఎక్స్‌రే టెలిస్కోపుల మీద మాట్లాడబోయే ప్రొఫెసరు. ఇండియాలో నేను చేసిన పరిశోధనా అదే. ఈ దేశం వచ్చి నాలుగేళ్ళు. ఇక్కడ నేను జోసెఫ్ గారి భార్యను, అంతే. ప్రొఫెసరు బృందంలో చిన్న చోటైనా దొరుకుతుందేమోనని ఈ ప్రయాణం.

మాలో అనే ఊళ్ళో రైలు మారాలి. ప్లాట్‌ఫాం మీద చలి ఎముకలు కొరికేస్తుంది, శాలువా చేతికందేలా పెట్టుకోండి. డబ్లిన్ రైల్లో ఎదుట ఒక ఐరిష్ పెద్దావిడ కూర్చుంది. ఎక్స్‌రేల గురించి వినడానికి వెళ్తున్నానంటే, “ఏం విరిగిందమ్మా?” అని జాలిపడింది. ఆకాశం నుంచి వచ్చే ఎక్స్‌రేలన్నాను.

“మరి ఆ టెలిస్కోపేదో మా కెర్రీ కొండల మీద పెట్టుకోవచ్చుగా?”

గాలి వాటిని కిందికి రానివ్వదనీ, రానిస్తే మన ప్రాణాలకే ముప్పనీ చెప్పాను. అందుకే టెలిస్కోపును అంతరిక్షంలోకి పంపుతారు. అద్దానికి ఎదురుగా తగిలితే ఎక్స్‌రేలు అందులోకే దూరిపోతాయి. కాబట్టి అద్దాలను గొట్టాల్లా చేసి, ఒకదానిలో ఒకటి అమర్చి, కిరణాలు రాసుకుంటూ పోయేలా పెడతారు. నీటిమీద ఏటవాలుగా విసిరిన పెంకు మునగకుండా గెంతినట్టు, అవి అద్దం మీద గెంతి కెమెరాలో పడతాయి. గెలాక్సీల మధ్య కోట్ల డిగ్రీల వేడితో ఉన్న వాయువు మనకు కనిపించేది అలాగే.

“గ్రాండ్,” అంది పెద్దావిడ, బిస్కెట్ల పొట్లం నావైపు జరుపుతూ. నాలుగేళ్ళలో నా పని గురించి ఇంత ఓపిగ్గా విన్న మనిషి ఆవిడే.

డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్లో దిగి, లువాస్ అనే ట్రామ్ రెడ్ లైన్ ఎక్కితే డాక్‌ల్యాండ్స్, ఉపన్యాసం అక్కడే. టికెట్ ఎక్కకముందే మెషీన్లో తీసుకోవాలి. ట్రామ్‌లో పులిహోర డబ్బా తెరవబోయి, వాసనకు ఎవరేమనుకుంటారోనని మూసేశాను. పక్కన నిలబడ్డ ఒక తెలుగు సాఫ్ట్‌వేరు ఆయన నవ్వాడు.

“తినుండ్రి అక్కా, ఎవ్వలేమనరు. నేను ఆఫీసుల రోజూ తింట.”

అయినా డబ్బా సంచిలోనే పెట్టేసుకున్నాను.

హాలు నిండింది. నాలుగో బొమ్మ తెరమీద పడగానే గుర్తుపట్టాను. అది నా గెలాక్సీ గుంపు. టెలిస్కోపును అటు ఎందుకు తిప్పాలో వాదించి, దరఖాస్తు రాసి, దాన్ని వాడుకునే సమయం గెలుచుకున్నది నేను. మా ఖగోళ శాస్త్రజ్ఞుల్లో పద్ధతేమంటే, అలా గెలిచినవారికి ఏడాదిపాటు ఆ డేటా మీద హక్కు. తర్వాత ఎవరైనా వాడుకోవచ్చు. నా ఏడాదిలో నేను దేశం మారాను, లీజు దొరక్క ఇంటి మీద ఇల్లు మారాను, పాపను కన్నాను.

ఆయన దొంగతనమేమీ చేయలేదు. అదే నాకు మండింది. దొంగైతే హాయిగా తిట్టేదాన్ని.

టీ దగ్గర ఆయన్ని పట్టుకుని, ఆ డేటా నా దరఖాస్తుతో వచ్చిందని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

“మీదా! ఎంత చక్కటి డేటా! ఎవరూ ఎందుకు ముట్టుకోలేదా అని మేమంతా ఆశ్చర్యపోయాం.”

పని అడిగాను. ఈమధ్య పరిశోధన పేపర్లేమైనా అచ్చయ్యాయా అన్నాడు. లేవన్నాను. “అదే చిక్కు,” అన్నాడు, పాపం, నొచ్చుకుంటూనే. ఆయన దగ్గర చోటు దొరకాలంటే నేను ఆ డేటాతో పేపరు రాసి ఉండాలి. అది ఆయన రాసేశాడు.

తిరుగు రైలు ఖాళీగా ఉంది. వెళ్ళదలచినవారికి చెబుతున్నాను: దారి బాగుంటుంది, జనం మంచివాళ్ళు. అక్కడ మీదంటూ ఏదైనా ఉంటే మాత్రం గడువులోపలే వెళ్ళండి.

మాలో స్టేషన్ దాటాక జోసెఫ్ ఫోన్ చేశాడు.

“అడిగావా? ఏమన్నాడు?”

“డేటా చాలా బాగుందన్నాడు.”

“చూశావా! నే చెప్పలా?” అని కేకేశాడు. వెనక పాప చప్పట్లు వినిపించాయి. ఇల్లు చేరేదాకైనా వాళ్ళనలా ఉండనిద్దామని ఫోన్ పెట్టేశాను.