పక్కింటి బాబాయి జీపు

నా చిన్నప్పుడు భవానీపురంలో ఇళ్ళు ఇంత ఒత్తుగా ఉండేవి కావు. మధ్యమధ్య ఖాళీ స్థలాలు, సర్కారు తుమ్మ చెట్లు, వాటి మీదుగా కృష్ణ వైపు నుంచి వచ్చే గాలి. మా బడి వన్‌టౌన్‌లో ఉండేది. సిటీ బస్సు ఎప్పుడు వస్తుందో, వచ్చినా ఆగుతుందో లేదో ఎవరూ చెప్పలేని రోజులవి. అందుకే పక్కింటి బాబాయి పాత జీపు కొని, వీధిలోని పిల్లల్ని బడికి దింపడం మొదలుపెట్టినప్పుడు తల్లులందరూ ఆయనకు దణ్ణం పెట్టినంత పని చేశారు.

ఏడుగురం ఎక్కేవాళ్ళం. అందరిలోకీ చిన్నదాన్నని నన్ను ముందు, తన పక్కన కూర్చోబెట్టుకునేవాడు బాబాయి. అంతకుముందు చాలా ఏళ్ళు లారీ నడిపాడు. బందరు రోడ్డు మీద ఏ గొయ్యి ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలనని నవ్వుతూ అనేవాడు. నన్ను చిట్టితల్లీ అని పిలిచేవాడు. నాకు ఆయనంటే ప్రాణం.

ఆయనకు లైసెన్సు లేదేమోనన్న అనుమానం మా తాతయ్యకు ముందే ఉందట. రోడ్డు మీద పోలీసు కనిపిస్తే జీపు పక్క సందులోకి తిరుగుతుందని ఒకటి రెండుసార్లు గమనించాడు. అయినా పొరుగు మనిషిని కాగితం చూపించమని ఎలా అడుగుతాం? అడగలేదు.

ఒక రోజు బడి నుంచి వస్తూ నేను సగం కొరికిన జామకాయ బాబాయికి ఇవ్వబోయాను. ఎడమ పక్క నుంచి ఆయన చెంప దాకా చాపాను. ఆయన చూడలేదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా అలాగే పట్టుకున్నాను. చివరికి మోచేతి మీద తట్టితే ఉలిక్కిపడి తల మొత్తం ఇటు తిప్పి, "ఓ, జామకాయా!" అన్నాడు. అదేదో తమాషా అనుకుని ఇంటికొచ్చి తాతయ్యకు చెప్పాను. తాతయ్య నవ్వలేదు. ఏ పక్క నుంచి ఇచ్చానో, ఎంత సేపు పట్టుకున్నానో మళ్ళీ మళ్ళీ అడిగాడు.

మా తాతయ్య రైల్వేలో ఇంజను డ్రైవరుగా చేశాడు. రిటైరై చాలా కాలమైనా వీధిలో అందరూ డ్రైవరుగారనే పిలిచేవారు. మర్నాడు సాయంత్రం బాబాయిని మా వరండాలోకి పిలిచి, వీధి వైపు తిప్పి కుర్చీ వేశాడు. తను ఆయనకు ఎడమ పక్కన కూర్చున్నాడు. వర్షాల గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ, చప్పుడు చెయ్యకుండా కాఫీ గ్లాసు బాబాయి ఎడమ చెంప దాకా చాపాడు. బాబాయి వీధిలోకి చూస్తూ కబుర్లు చెబుతూనే ఉన్నాడు. గ్లాసులోంచి ఆవిరి లేస్తూనే ఉంది. గుమ్మం పక్కన నిలబడి చూస్తున్న నాకు, నిన్న నేను చేసిందే తాతయ్య చేస్తున్నాడని అర్థమై ఎందుకో ఏడుపు వచ్చింది.

"ఎన్నాళ్ళయిందయ్యా, ఆ కన్ను కనపడక?" అన్నాడు తాతయ్య.

బాబాయి తల దించుకుని మెల్లగా చెప్పాడు. ఆటోనగర్‌లో లారీ కింద పడుకుని పని చేస్తుంటే ఇనప రజను కంట్లో పడిందట. మూడేళ్ళయింది. లైసెన్సు గడువు తీరాక మళ్ళీ రాయించుకోవాలంటే డాక్టరు సంతకం కావాలి. ఏ డాక్టరూ పెట్టలేదు.

అప్పుడు తాతయ్య మా ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటి బయటపెట్టాడు. ఉద్యోగంలో ఉండగా ఒక ఏడాది తన చూపు కూడా మందగించిందట. రైల్వే ఆసుపత్రిలో గోడకు తగిలించే అక్షరాల అట్టను ముందుగానే బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కాడట. ఆ తరవాత ఏడాదిపాటు ప్యాసింజరు బండి నడిపాడు. ఏ ప్రమాదమూ జరగలేదు. కానీ సిగ్నలు దగ్గరకొచ్చిన ప్రతిసారీ పక్కన బొగ్గు వేసే ఫైరుమన్ మొహం చూసి రంగు తెలుసుకోవాల్సి వచ్చేదని చెప్పాడు. "వెనకాల పెట్టెల్లో వందల మంది నిద్రపోతుండేవాళ్ళయ్యా. నాకు మాత్రం ఇంటికొచ్చాక కూడా నిద్ర పట్టేది కాదు. చివరికి నేనే వెళ్ళి చెప్పేసుకున్నా. దించేశారు."

"దించేసి ఏం చేశారండీ, డ్రైవరుగారూ?" అని అడిగాడు బాబాయి.

"షెడ్డులో కూర్చుని చేసే పని ఇచ్చారు."

"నాకెవరిస్తారండీ?"

ఆ మాట బాబాయి కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. తాతయ్య ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం నేను చూశాను. మా తాతయ్యకు తెలియనిది ఉండదని నమ్మిన వయసు నాది. కాసేపటికి బాబాయి చల్లారిన కాఫీ మర్యాద కోసం తాగి, లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున యథాప్రకారం జీపు హారను మోగింది.

తాతయ్య నన్ను ఎక్కనివ్వలేదు. తనే వెంట వచ్చి బస్సులో తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. తక్కిన ఇళ్ళకు కూడా వెళ్ళి సంగతి చెప్పాడు. ఎవరూ ఆయన మాట అబద్ధమనలేదు. "మీరు పెద్దవారు, కాదనలేనండి. కానీ పిల్లల్ని రోజూ ఎవరు దింపుతారు చెప్పండి? ఆయన మంచి మనిషి, జాగ్రత్తగానే నడుపుతాడు" అంది ఎదురింటి అత్త. ఇంజను దిగిపోయినాక ఇంకొకళ్ళు స్టీరింగు పట్టుకుంటే ఈయన ఓర్వలేడని ఎవరో అన్న మాట కూడా తిరిగి తిరిగి మా ఇంటికి చేరింది. రవాణా ఆఫీసుకు అర్జీ రాద్దామని ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే తాతయ్య కాగితం తీశాడు. బాబాయి పేరు రాసే చోట కలం ఆగిపోయింది. "ఆయన నోటి కాడ కూడు లాగేసినట్టవుతుంది నాన్నా" అన్నాడు మా నాన్న. తాతయ్య ఆ కాగితం చింపేశాడు.

జీపు మా గుమ్మం ముందు నుంచి వెళ్తున్నప్పుడు బాబాయి ఇదివరకులాగే నన్ను చూసి నవ్వేవాడు. నేను తలుపు చాటుకు వెళ్ళేదాన్ని. నేను జామకాయ సంగతి చెప్పకుండా ఉంటే బాగుండునని ఒక రోజు, ఇంకా ముందే చెప్పి ఉంటే బాగుండునని ఒక రోజు అనిపించేది.

నెల తిరగకుండానే జరిగింది. తాతయ్యా నేనూ బస్సులో ఉన్నాం. ముందు జనం గుమిగూడి బస్సు ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే రోడ్డుకు అడ్డంగా బాబాయి జీపు, చుట్టూ చెల్లాచెదురుగా మా వాళ్ళ టిఫిను డబ్బాలు. పిల్లలు ఒక పక్కన నిలబడి ఏడుస్తున్నారు. వాళ్ళెవరికీ దెబ్బలు తగల్లేదు. ఎడమ వైపు ముందు చక్రం కింద ఒక సైకిలు ఉంది. సైకిలు మనిషి రోడ్డు పక్కన పడి ఉన్నాడు. బాబాయి ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, "చూడలేదు బాబూ, అమ్మతోడు చూడలేదు" అని అదే మాట అంటున్నాడు. తాతయ్య దిగి, ఇద్దరు ముగ్గురి సాయంతో సైకిలు మనిషిని రిక్షాలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

దెబ్బ తిన్నాయన వన్‌టౌన్‌లో దర్జీ. కుడికాలు మూడు చోట్ల విరిగింది. మళ్ళీ కుట్టుమిషను తొక్కగలడో లేడో డాక్టర్లు చెప్పలేకపోయారు. బాబాయిని పోలీసులు తీసుకెళ్ళారు, జీపు స్టేషనులో పెట్టేశారు. బెయిలు మీద వచ్చాక కొన్నాళ్ళకు ఆయన ఇల్లు ఖాళీ చేసి పిన్నిగారి పుట్టింటికి, గుడివాడ పక్క పల్లెకు వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు మా గేటు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. తాతయ్య ఎదురు వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. వీధిలో వాళ్ళు మాత్రం, "మీరు ముందే చెప్పారండీ" అని తాతయ్యను మెచ్చుకోబోయారు. ఆ మాట తన దగ్గర అనొద్దని తాతయ్య గట్టిగా కసిరాడు.

ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. దర్జీ మంచం మీద కాలు పైకి కట్టించుకుని పడుకుని ఉన్నాడు. తనను రిక్షాలో తెచ్చిన మనిషిని గుర్తుపట్టి రెండు చేతులూ జోడించాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగాడు: "ఒక కన్ను లేని మనిషి రోజూ పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతుంటే మీ వీధిలో ఎవరికీ తెలియలేదా అండీ?"

తెలియదని ఉంటే ఆయన నమ్మేవాడు. ఆ వార్డులో మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు. తాతయ్య నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఆ పట్టు బిగుసుకోవడం నాకు తెలిసింది.

"తెలుసు బాబూ," అన్నాడు చివరికి. "నాకు తెలుసు. ఆపలేకపోయాను."

దర్జీ చేతులు దించేశాడు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మేము ఇంకాసేపు అలాగే నిలబడి, వచ్చేశాం. దారిలో తాతయ్య నాకు ఏ నీతీ బోధించలేదు.

అప్పటి తాతయ్య వయసు దాటి వచ్చాను. బాబాయి అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. తాతయ్య ఆ అర్జీ పంపి ఉండాల్సిందా అంటే, అవునని ఒకసారి, ఎలా పంపుతాడని ఒకసారి అనిపిస్తుంది. కానీ ఉద్యోగంలోనూ, బంధువుల మధ్యా "అయ్యో, నాకు తెలియదే" అని తప్పుకుపోవడానికి వీలున్నప్పుడల్లా ఆ వార్డులో నిలబడ్డట్టే ఉంటుంది. ప్రతిసారీ నిజం చెప్పానని అనను. చెప్పలేకపోయిన సందర్భాలన్నీ నాకు పేరుపేరునా గుర్తున్నాయి. ఆ ఒక్క మాట అనడానికి తాతయ్యకు ఎంత సేపు పట్టిందో, అంత సేపూ నా చెయ్యి ఆయన చేతిలో ఎలా నలిగిపోయిందో ఇంకా తెలుస్తూనే ఉంది.