గోబ్లిన్‌కీ వకీలుండాలి

మా బావకి ఒకటే జబ్బు. గోబ్లిన్ కనబడితే నరకడు, విచారణ జరిపిస్తాడు.

ఈ ముక్క అర్థం కావాలంటే మా శనివారాల సంగతి చెప్పాలి. శనివారం సాయంత్రం అక్క వాళ్ళింట్లో భోజనాల బల్ల చుట్టూ నలుగురం చేరి ఒక ఆట ఆడతాం. బల్ల మీద కాగితాలు, పెన్సిళ్ళు, చిత్రవిచిత్రమైన పాచికలు తప్ప ఏమీ ఉండవు. మిగతాదంతా నోటితోనే, వేసిన దెబ్బ తగిలిందో లేదో మాత్రం పాచిక చెబుతుంది. అక్క స్కూల్లో జాగ్రఫీ టీచరు. కాబట్టి కొండలూ గుహలూ ఆవిడే పుట్టిస్తుంది, వాటిల్లో ఉండే రాక్షసుల గొంతులూ ఆవిడే పలుకుతుంది. మిగిలిన ముగ్గురం తలో వేషం కట్టి ఆ గుహల్లో దూరతాం. ఎదురొచ్చినవాణ్ణి కొట్టాలి, నిధి పట్టాలి, ప్రాణాలతో బయటపడాలి. గోబ్లిన్లంటే అక్కడ తిరిగే నడుమెత్తు ఆకుపచ్చ రాక్షసులు. ఆటలో అవి ఉన్నదే నరికించుకోవడానికి.

నేను పళ్ళ డాక్టర్ని. వారమంతా "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని అబద్ధాలాడుతూ, ఊపిరి బిగబట్టి, జనం నోళ్ళలో సుతారంగా పనిచేస్తాను. శనివారమైనా ఎవణ్ణో ఒకణ్ణి మొరటుగా నరకాలనిపించదా? అందుకే గొడ్డలివీరుడి వేషం తీసుకున్నాను. మనిషెత్తు గొడ్డలి. ఆ గొడ్డలి ఇంతవరకూ చేసిన ఘనకార్యమల్లా బావగారి కోర్టులో చలిమంటకి కట్టెలు కొట్టడం.

బావది ధర్మవీరుడి వేషం. దేవుడి ముందు ఒట్టు పెట్టుకున్న యోధుడన్నమాట. అబద్ధమాడకూడదు, నిరపరాధిని ముట్టకూడదు. ఒట్టు తప్పితే కత్తిలో వెలుగు ఆరిపోతుంది, ఆయనా మనలాంటి మామూలు మనిషైపోతాడు. పేరు ధవళధ్వజుడు. పేరుకి తగ్గట్టు తెల్లటి శిరస్త్రాణం ఉండాలని, ఆఫీసులో పెట్టుకునే తెల్ల హెల్మెట్ తగిలించుకుని కూర్చుంటాడు. బావ లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఆయన హెల్మెట్ పెట్టుకుంటే మా పని ఆగిపోతుంది. ఊళ్ళో లిఫ్టులూ అంతేనట.

నేను బల్ల దగ్గర చేరిన మొదటి రోజే ఒక గోబ్లిన్ ఎదురైంది. నేను ఉత్సాహంగా పాచిక అందుకున్నాను.

"ఆగు బావమరిదీ," అన్నాడు బావ. "నీ పేరేమిటి నాయనా?"

"నా పేరు నీకు తెలీదా బావా?"

"నిన్ను కాదు, గోబ్లిన్‌ని."

అక్క ఏ మాత్రం తడుముకోకుండా గొంతు మార్చి, "బుడుంగు, దొరా," అంది.

"అమ్మానాన్నా ఉన్నారా? నువ్వు ఎవరికైనా హాని చేశావా? చేస్తే ఎందుకు చేశావు?"

"బావా, అది గోబ్లిన్! దాని పళ్ళ మధ్య ఎవరిదో చెప్పుంది!"

"చెప్పు సాక్ష్యం. తీర్పు కాదు. విచారణ జరగాలి. బుడుంగుకి వకీలు కావాలి." ఈ మాటంటూ బావ బల్ల చివరికి చూశాడు. "తమ్ముడూ, నువ్వు లే."

ఆ తమ్ముడు కింది వాటాలో ఉండే సగంమాట. అసలు పేరేదో ఉంది గాని ఎవరికీ గుర్తులేదు. అతనిక్కూడా చెప్పడం కష్టమే, ఎందుకంటే ఏ మాటా సగం దాటి రాదు. "నేను నిన్న బజారుకి..." అని ఆగిపోతాడు. వెళ్ళాడో, వెళ్దామనుకున్నాడో, బజారే తగలబడిందో మనం ఊహించుకోవాలి. బస్సుల డిపోలో, ప్రయాణికులు మరిచిపోయిన వస్తువులు దాచే గదిలో ఉద్యోగం. అక్కడి గొడుగులకి మాటలతో పనిలేదు కాబట్టి నెట్టుకొస్తున్నాడు. ఆటలో అతనిది దొంగ వేషం. పక్కన ధర్మవీరుడున్నాడు కాబట్టి ఒక్క దొంగతనమూ చెయ్యలేదు.

ఊరందర్నీ వదిలి ఇతన్ని వకీలుగా పెట్టడమేమిటి! అతను లేచి, "ఈ గోబ్లిన్ పాపం..." అని నిలబడిపోయాడు. నాకు మత్తింకా ఎక్కని పన్ను పీకుతున్నట్టుంది. ఉండబట్టలేక, "ఆకలేసి తినేసింది, అంతేగా?" అని వాక్యం పూర్తిచేసి పెట్టాను.

బావ స్కేలు తీసి బల్ల మీద ఫట్టుమని కొట్టాడు. "వకీలు మాట్లాడుతున్నప్పుడు అడ్డు రాకూడదు!"

"మాట్లాడ్డం లేదుగా బావా!"

"మాట్లాడబోతున్నాడు. అది కూడా మాట్లాడ్డమే."

ఆ సాయంత్రమంతా ఆ ఒక్క గోబ్లిన్‌తో సరిపోయింది. బుడుంగు నిర్దోషిగా విడుదలైంది. వెళ్తూ వెళ్తూ నా చెప్పు పట్టుకుపోయింది.

ఇక ఈయనగారి సత్యసంధత. ఒకసారి శత్రువుల కోటలోకి గడ్డిబండిలో దూరాలని పథకం వేశాం. నేనూ సగంమాటా గడ్డి కింద దాక్కున్నాం, ధవళధ్వజుడు బండి తోలుతున్నాడు. గేటు దగ్గర కాపలావాడి గొంతుతో అక్క అడిగింది, "బండిలో ఏముంది?"

"గడ్డి," అన్నాడు బావ. హమ్మయ్య అనుకున్నాను. "గడ్డి కింద ఒక గొడ్డలివీరుడు, ఒక దొంగ. మీ రాజుని పట్టుకుందామని వచ్చాం."

ముగ్గుర్నీ చీకటి కొట్లో పడేశారు. నేను నెత్తి బాదుకుంటుంటే బావ వెలిగిపోతూ, "చూశావా, కత్తిలో వెలుగు చెక్కుచెదరలేదు," అన్నాడు. ఆ వెలుగులో మా సంకెళ్ళు బాగా కనబడ్డాయి.

ఇదంతా ఆటవరకే అనుకుంటారేమో. మా క్లినిక్ ఉన్న భవనంలో లిఫ్టుకి నలుగురే ఎక్కాలని రాసుంటుంది. ఓసారి బావ లోపలుండగా అయిదో మనిషి ఎక్కాడు. ఇంకొకరైతే దిగిపొమ్మంటారు, లేదా ఊరుకుంటారు. ఈయన తలుపు మధ్య కాలడ్డుపెట్టి, ఎవరు ముందొచ్చారు, ఎవరికి మోకాళ్ళ నొప్పులున్నాయి, ఎవరికి తొందర, అన్నీ విచారించాడు. చివరికి దిగాల్సింది తనేనని తేల్చుకుని మెట్లెక్కి వచ్చాడు. ఈలోగా నా దగ్గరకి రావలసిన రోగి పంటినొప్పి తగ్గిపోయి ఇంటికెళ్ళిపోయాడు.

ఇలాంటి మనిషితో ఏళ్ళ తరబడి వేగి వేగి, చివరికి ఒక శనివారం మేం డ్రాగన్ గుహ చేరాం. నిప్పులు కక్కే మహాసర్పం, రెక్కలతో సహా. గోబ్లిన్ కాదు కాబట్టి విచారణ అక్కర్లేదని బావ చేత ముందే ఒప్పించుకున్నాను. సంబరంగా పాచికలు తుడుచుకుంటున్నాను.

ఆ రోజు సగంమాట ముఖం వాడిపోయి ఉంది. ఏమైందని అక్క అడిగితే ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. డిపోలో ఎవరో మరిచిపోయిన వయొలిన్‌ని ఒక పెద్దమనిషి వచ్చి తనదేనని పట్టుకుపోయాడు. ఋజువు అడగకుండా ఇచ్చెయ్యమని మేనేజరే నోటిమాటగా చెప్పాడు. ఇప్పుడు అసలు సొంతదారు వచ్చి గోల పెట్టేసరికి, మేనేజరు తనకేమీ తెలియదంటున్నాడు. సోమవారం విచారణ.

"ఇవ్వమన్నది మీరే అని చెప్పు, అయిపోయె," అన్నాను నేను.

"ఆయన ముఖం మీద... అలా నేను..." అన్నాడు సగంమాట. ఆ ఒక్క వాక్యం పూర్తికాకపోతే ఉద్యోగం ఊడుతుందని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. నాకు నిజంగానే జాలేసింది. కాని డ్రాగన్ కూడా ఎదురు చూస్తోంది కదా.

"గుహలో దూరుతున్నాం," అన్నాను గొడ్డలి ఎత్తి.

"ఆగు," అన్నాడు బావ. "గుమ్మం పక్కన ఒక గోబ్లిన్ ఏడుస్తోంది."

"ఏడవట్లేదు! అక్కా, అక్కడ గోబ్లిన్ ఉందని నువ్వు చెప్పావా?"

అక్క బావ వంక చూసింది. బావ హెల్మెట్ సర్దుకున్నాడు. "ఉంది," అంది అక్క. "ఏడుస్తోంది. కిరీటం దొంగిలించిందట. దొంగిలించమన్నది వాళ్ళ నాయకుడే. ఇప్పుడు ఆ నాయకుడే శిక్షిస్తానంటున్నాడు."

"పెద్దవాడు చెయ్యమంటే చేసిన తప్పు ఎవరిది? ఇది తేలకుండా నా కాలు కదలదు," అని ధర్మవీరుడు స్కేలు తీశాడు. "వకీలు లేవాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "బావా, ఎదురుగా డ్రాగన్!"

"డ్రాగన్ ఎక్కడికి పోతుంది?"

అక్క కళ్ళజోడు ముక్కు చివరికి దించి, కుర్చీలో వెనక్కి వాలి, గోబ్లిన్ల నాయకుడై గర్జించింది, "కిరీటం తెమ్మన్నదెవరు? చెప్పు!" ముప్పై తరగతుల్ని గడగడలాడించిన గొంతు అది. నేను కూడా కొంచెం కూర్చున్నచోటే సర్దుకున్నాను.

"తెమ్మన్నది..." అని సగంమాట ఆగాడు. నా నోరు తెరుచుకుంది. బావ స్కేలు పైకెత్తాడు. నోరు మూసుకున్నాను.

"మళ్ళీ," అన్నాడు బావ.

"తెమ్మన్నది మీ..."

"మళ్ళీ."

కాగితం మీద నా గొడ్డలి బొమ్మకి తుప్పు గీసుకుంటూ కూర్చున్నాను. వీధి దీపాలు వెలిగాయి. పక్కింటివాళ్ళ కుక్కర్ కూతలు కూడా అయిపోయాయి. అప్పుడు సగంమాట బల్ల అంచు పట్టుకుని, అక్క కళ్ళలోకి చూసి, "తెమ్మన్నది మీరే దొరా!" అని అరిచాడు.

"నాకు వినబళ్ళేదు," అంది అక్క.

"తెమ్మన్నది మీరే దొరా! అందరి ముందూ ఇప్పుడు కాదంటున్నదీ మీరే!"

గోబ్లిన్ గెలిచింది. డ్రాగన్ అలాగే ఉంది. నేను చెప్పులు వేసుకుని, బావని కడిగేసి ఇంటికొచ్చేశాను. ఒక మనిషి ఉద్యోగం పోతుంటే ఉత్తుత్తి గోబ్లిన్ల మీద కన్నీళ్ళు కార్చేవాణ్ణి ఏమనాలి?

మరుసటి శనివారం సగంమాట బిస్కెట్ల డబ్బాతో వచ్చాడు. ముఖం కళకళలాడుతోంది.

"విచారణలో మేనేజరు, ఎవరిమ్మన్నారు చెప్పవయ్యా అన్నాడు, డాక్టరుగారూ. లేచి నిలబడి, ఇవ్వమన్నది మీరే దొరా అనేశాను."

"దొరా అన్నావా?"

"నోట్లోంచి వచ్చేసింది. గదంతా గొల్లున నవ్వారు. మేనేజరు కంగారుపడిపోయి, సరేనయ్యా నేనే ఇమ్మన్నాను గాని దొరా గిరా అనకు, అన్నాడు. అనేశాక నాలిక్కరుచుకున్నాడు గాని అప్పటికే అందరూ విన్నారు. నా ఉద్యోగం నాకే ఉందండీ."

అన్ని వాక్యాలకీ చివర్లున్నాయి. నేను నోరు తెరిచి చూస్తుంటే అక్క బిస్కెట్ అందుకుంటూ నింపాదిగా అంది, "నువ్వు తర్వాత చేరావు, నీకు తెలీదురా. ఈ తమ్ముడు రాకముందు మీ బావ ఒక్క గోబ్లిన్‌ని వదిలేవాడు కాదు. పేరడగడం మాట అటుంచి, వరసపెట్టి నరికేవాడు. ఇతను బల్ల దగ్గర చేరిన రోజునుంచే ఈ కోర్టు."

నేను బావ వైపు తిరిగాను. హెల్మెట్ కింద చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే గోబ్లిన్ల మీద ఆ ప్రేమా, ఆ కన్నీళ్ళూ, అన్నీ..."

"అబద్ధం," అన్నాడు బావ, ప్రాణం పోతున్నట్టు. "నాకు గోబ్లిన్లంటే చిరాకు."

బావ మీద నాకు అంత ప్రేమ పుట్టడం అదే మొదలు. నా పళ్ళ డాక్టరు అబద్ధాలన్నీ కలిపినా ఇంత మంచి అబద్ధం కాదు. ఆ మాటే అనబోయాను. కాని బావ అప్పటికే హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టేశాడు.

"ఒట్టు తప్పాను. ధవళధ్వజుడు ఇన్నాళ్ళూ అబద్ధమాడాడు. కత్తిలో వెలుగు ఆర్పెయ్యి," అన్నాడు అక్కతో.

"బావా, డ్రాగన్! వెలుగు లేకపోతే డ్రాగన్‌తో ఎలా..."

"ధర్మం ధర్మమే."

"ఆగండన్నా," అన్నాడు సగంమాట. లేచి చొక్కా సర్దుకున్నాడు. "విచారణ లేకుండా శిక్షేమిటి? ధర్మవీరుడికి వకీలుండాలా వద్దా? ఒట్టు పెట్టుకున్నది ఎందుకు? బలహీనుల్ని కాపాడ్డానికి. అబద్ధమాడింది ఎందుకు? అది మొదట చూడాలి. మొదటి గోబ్లిన్ దగ్గర్నుంచి వద్దాం..."

"మొదటి గోబ్లిన్ దగ్గర్నుంచా!" అన్నాను.

సగంమాట బావ ముందున్న స్కేలు లాక్కుని బల్ల మీద ఫట్టుమని కొట్టాడు. "వకీలు మాట్లాడుతున్నప్పుడు అడ్డు రాకూడదు డాక్టరుగారూ!"

బావ హెల్మెట్ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, దాని చాటున కళ్ళు తుడుచుకుంటున్నాడో, నవ్వు దాచుకుంటున్నాడో నాకు కనబళ్ళేదు. బుడుంగు కేసు నుంచి మొదలుపెట్టి వకీలుగారు ఒక్కొక్కటే చెప్పుకుంటూ వస్తున్నారు. డ్రాగన్ విసిగి నిద్రపోయిందని అక్క ప్రకటించింది. నేను గొడ్డలి గోడకి ఆనించి, బిస్కెట్ల డబ్బా నా వైపు లాక్కున్నాను.