చీర కొస

మాచర్ల బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ పేరు అడగలేదు. క్రోసూరు నుంచి వస్తున్నానంది. ఇద్దరం ఊటల పార్కు దగ్గరే దిగాం.

పార్కులోని ఊట నీళ్లు చూడగానే మునగాలనిపించింది. తీరా చూస్తే ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదికి తాళం. తాళంచెవి ఉన్నాయన భోజనానికెళ్లాడట. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, టికెట్లిచ్చే అతని మీద అరవడం మొదలుపెట్టా.

"ఏందమ్మాయ్, అతని మీద అరిస్తే తాళం ఊడుద్దా? పోయి మునిగి రా, నేనుంటా" అందావిడ.

నేను తడిసి ఒడ్డుకొచ్చేసరికి, సంచిలోని చీర తీసి ఒక కొస చెట్టుకి కట్టి, పక్క చెట్టు చుట్టూ తిప్పి, రెండో కొస పట్టుకుని ఉంది. లోపల బట్టలు మార్చుకున్నంతసేపూ అటు తిరిగే నిలబడింది.

"థాంక్స్ ఆంటీ."

"ఆంటీ ఏంది, పిన్నీ అను. ఇప్పుడు నువ్వు పట్టుకో. పోయినసారి ఈ తాళం చూసి కాళ్లు కడుక్కుని పోయా. ఇయ్యాల మునగాల్సిందే. ఆ ఫోను లోపల పెట్టు!"

ఆవిడ మునిగొచ్చి బట్టలు మార్చుకుంటుంటే బ్యాగులో ఫోన్ మోగుతూనే ఉంది. తీయలేదు. ఆవిడ తడిజుట్టుతో నవ్వుతూ బయటికొచ్చింది. అప్పటికే ఇద్దరు కాలేజీ అమ్మాయిలు వచ్చి నిలబడ్డారు.

"అక్కా, మాకూ కాస్త పట్టుకుంటారా?"

నేను కొస వదల్లేదు.

ఇప్పుడు ఏ ఊటకెళ్లినా, జలపాతానికెళ్లినా అమ్మ పాత చీర ఒకటి బ్యాగులో పెట్టుకుంటా. చాలాచోట్ల ఆ గదులకి ఇంకా తాళాలే. నాకు ఇంకా కోపమే. కానీ రెండో కొస పట్టుకోడానికి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు.